పాత టవేరా సెంటర్ బేరింగు: రెండుసార్లు విప్పిన పని

మా 2008 టవేరా గంటకు 55 కిలోమీటర్లు దాటిందంటే కాళ్ల కింద మూలుగు మొదలయ్యేది. ముందు సీట్లకూ రెండో వరుసకూ మధ్య, నేల రేకు అడుగు నుంచి. 70కి చేరేసరికి ఆ మూలుగు రేకంతా పాకి గేరు కడ్డీ దాకా వచ్చేది. కడ్డీ మీద అరచెయ్యి ఆనిస్తే తేనెటీగల పట్టు పక్కన నిలబడ్డట్టు జుమ్మనేది. దానికి తోడు ఆగి కదిలే ప్రతిసారీ కింద ఎవరో పిడికిలితో తలుపు గుద్దినట్టు ఒకే ఒక్క దెబ్బ.

ఊళ్లో ఒక గ్యారేజీలో చూపించాను. కుర్రవాడు బండెక్కి వీధి చివరిదాకా వెళ్లొచ్చి, "హౌసింగ్ పోయింది సార్, క్రౌన్ పినియన్ సెట్టు మార్చాలి" అని తేల్చేశాడు. హౌసింగ్ అంటే వెనుక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె, క్రౌన్ పినియన్ దాని లోపలి గేర్ల జత. 30 వేలకు తగ్గదన్నారు. 2023లో పదిహేనేళ్లు నిండి, మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్న బండి మాది. దానికి అంత ఖర్చు పెట్టడం మాట అటుంచి, రోగం ఏమిటో తెలియకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. ఒక కర్మాగారంలో 24 ఏళ్లుగా పంపులకూ ఫ్యాన్లకూ గేర్‌బాక్సులకూ బేరింగులు మారుస్తున్నవాణ్ణి నేను. కార్లు నా వృత్తి కాదు గానీ, తిరిగే షాఫ్టు మూలిగే తీరు ఎక్కడైనా ఒకటే.

ఒక ఆదివారం తెల్లవారుజామున ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే పెద్ద రోడ్డెక్కాను. ఆ వేళప్పుడు లారీలు పలచగా ఉంటాయి. ముందు 65 దగ్గర ఐదో గేరులో వెళ్లి, అదే వేగంలో నాలుగుకు దింపాను. ఇంజను గొంతు మారింది, మూలుగు గొంతు మారలేదు. కాబట్టి ఇంజనుకు సంబంధం లేదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వదిలేశాను. మూలుగు అలాగే ఉంది, బండి వేగం తగ్గే కొద్దీ అదీ దిగుతూ వచ్చింది. ఆ తరువాత యాక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ చూశాను. క్రౌన్ పినియన్ పళ్లు అరిగిపోతే, ఇంజను చక్రాన్ని తోసేటప్పుడు ఒక రకంగా, చక్రం ఇంజనును తోసేటప్పుడు ఇంకో రకంగా కూస్తాయి. పళ్ల రెండు ముఖాలూ సమానంగా అరగడం అరుదు. ఇక్కడ ఏ తేడా లేదు. చివరగా రోడ్డు ఖాళీగా ఉన్నచోట స్టీరింగు కుడికీ ఎడమకూ మెల్లగా ఊపాను. చక్రం బేరింగు పోతే బరువు అటు వాలినప్పుడు గట్టిగా, ఇటు వాలినప్పుడు మెత్తగా వినిపిస్తుంది. అదీ లేదు.

ఇక మిగిలింది గేర్‌బాక్సుకూ వెనుక హౌసింగ్‌కూ మధ్య తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టు. మన మెకానిక్కులు జాయింటు షాఫ్టు అనేది దీన్నే.

కాగితం మీద ఒక చిన్న లెక్క వేశాను. చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్ల పది సెంటీమీటర్లు పోతుందనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 476 చుట్లు తిరుగుతుంది. హౌసింగ్‌లో నిష్పత్తి నాలుగనుకుంటే షాఫ్టు 1,900 చుట్లు, అంటే సెకనుకు 32. అందులో తొమ్మిది గోళీల బేరింగు ఉండి, దాని బయటి గాడిలో ఒక గుంట పడితే చుట్టుకు మూడున్నర దెబ్బలు తగులుతాయి. సెకనుకు 110కి పైచిలుకు. చెవికది తంబూరా మంద్ర శ్రుతిలా వినిపించే హోరు. నేను విన్నదీ అలాంటిదే. లెక్క సాక్ష్యం చెప్పినంత మాత్రాన తీర్పు ఇచ్చేయకూడదు గానీ, బండి కిందికి దూరడానికి ముందు ఎటు చూడాలో తెలుస్తుంది.

టవేరా లాంటి పొడవైన బండిలో షాఫ్టు ఒకే ముక్కగా ఉండదు. సన్నటి పొడుగాటి గొట్టాన్ని వేగంగా తిప్పితే ఒక వేగం దగ్గర అది నడుములో విల్లులా వంగి కొట్టుకోవడం మొదలుపెడుతుంది. పొడవు సగమైతే ఆ ప్రమాదపు వేగం నాలుగు రెట్లు పైకి పోతుంది. అందుకే షాఫ్టును రెండు ముక్కలు చేసి, మధ్యలో బండి అడుగుకు వేలాడదీస్తారు. వేలాడదీసే ఆ భాగమే సెంటర్ బేరింగు. నడుమ బాల్ బేరింగు, దాని చుట్టూ మందపాటి రబ్బరు, ఆ రబ్బరును పట్టుకునే ఇనుప బ్రాకెట్టు, దానికి రెండు బోల్టులు. రబ్బరు ఉన్నది బేరింగు కదలికను మింగడానికి. కదిలేటప్పుడు వచ్చిన ఆ గుద్దు రబ్బరు చిరిగిందనడానికి గుర్తు. మూలుగు బేరింగుది, గుద్దు రబ్బరుది. ఒకే వస్తువుకు రెండు జబ్బులు.

మా ఇల్లు మర్రిపాలెంలో. వీధి ఎంత ఏటవాలంటే, పిల్లలు బంతి వదిలితే కింద ప్రధాన రోడ్డు దాకా వెళ్లి తెచ్చుకోవాలి. విశాఖలో సగం ఇళ్ల పరిస్థితి ఇదే. అలాంటి చోట ఈ పని తలపెట్టకూడదు. కారణం చాలామందికి తట్టదు. గేరులో వేసి ఉంచాం, హ్యాండు బ్రేకు లాగాం, ఇక బండి కదలదు అనుకుంటాం. గేరు పట్టుకునేది ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక చక్రాలను. షాఫ్టు విప్పగానే ఆ పట్టు పోతుంది. హ్యాండు బ్రేకు పట్టుకునేదీ వెనుక చక్రాలనే, అవేమో గాల్లో ఉంటాయి. నేల మీద మిగిలేవి ముందు చక్రాలు, వాటిని పట్టుకునేది ఏదీ లేదు. కాబట్టి చదునైన నేల, ముందు చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మలు, వెనుక యాక్సిల్ కింద రెండు జాకీ స్టాండ్లు, ఈ మూడింటిలో ఒక్కటి తక్కువైనా బండి కిందికి దూరవద్దు. సిమెంటు ఇటుకల మీద బండిని నిలబెట్టేవాళ్లను చూశాను. ఇటుక వంగదు, హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది.

పెందుర్తిలో మా అక్కావాళ్ల పెరడు చదునుగా, గచ్చు చేసి ఉంటుంది. శనివారం పొద్దున్నే బండి అక్కడికి తోలాను. బావగారు దిమ్మలు పట్టుకొచ్చారు. మేనల్లుడు ఏడో తరగతి, వాడికి టార్చిలైటు పట్టుకునే ఉద్యోగం.

బండి లేపాక ముందు చేత్తో చూశాను. షాఫ్టును బేరింగు పక్కన పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే వేలెడు మేర కదిలింది. కొద్దిగా ఆడటం సహజం, ఇది ఊయల. టార్చి వెలుగులో రబ్బరు కింది సగం ఉంగరం పొడవునా తెగి, నోరు తెరుచుకుని కనిపించింది. షాఫ్టును మెల్లగా తిప్పుతూ రెండో చెయ్యి బ్రాకెట్టు మీద పెడితే, తిరగలిలో ఇసుక పడ్డట్టు గరగర. ఇంజను నడిపించి, చక్రాలు గాల్లో తిరుగుతుండగా కింద చెవి పెట్టి వినేవాళ్లు ఉన్నారు. చేత్తో తిప్పితే తెలిసిపోయేదానికి ప్రాణం పణం పెట్టనక్కర్లేదు.

విప్పడానికి ముందు గుర్తులు. వెనుక హౌసింగ్ ప్లేటుకూ షాఫ్టు ప్లేటుకూ కలిపి ఒక గీత, రెండు ముక్కలు కలిసే చోట పంగలా ఉండే యోక్‌కూ దాని పళ్ల కడ్డీకీ కలిపి ఇంకో గీత, ముందు చివర మరొకటి. పసుపు రంగు గీసి, దాని మీద సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టాను. డీజిల్‌తో కడిగినప్పుడు రంగు పోవచ్చు, చుక్క పోదు. ఈ గుర్తులు ఎందుకంటే, షాఫ్టు వంపులోనూ తిరిగేలా కలిపే కీలు, అంటే క్రాస్ జాయింటు, వంపులో తిరిగేటప్పుడు అవతలి కడ్డీని సమవేగంతో తిప్పలేదు. చుట్టుకు రెండుసార్లు వేగం పెంచుతుంది, రెండుసార్లు తగ్గిస్తుంది. పది డిగ్రీల వంపులో ఆ హెచ్చుతగ్గు అటూ ఇటూ ఒకటిన్నర శాతం. ఒక జాయింటు చేసిన తప్పును రెండోది సరిదిద్దేలా యోక్‌లను ఒకే వరసలో అమర్చుతారు. పళ్లలో ఒక్క పన్ను తప్పి ఎక్కించినా ఆ వరస చెడుతుంది. బేరింగు కొత్తదే, క్రాసులు బాగానే ఉన్నాయి, అయినా బండి వణుకుతోంది అని తల పట్టుకునేవాళ్లలో చాలామంది చేసిన పొరపాటు ఇదే.

బోల్టులు విప్పడానికి రెండు గంటలు పట్టింది. ఈ ఊళ్లో సముద్రపు గాలి ఇనుమును తినే తీరు లోతట్టు ఊళ్లవాళ్లకు చెప్పినా నమ్మరు. హౌసింగ్ వైపు నాలుగింటిలో రెండు నట్లు గుండ్రంగా తుప్పు ముద్దల్లా ఉన్నాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను కాబట్టి పానా పట్టింది. విప్పిన వాటిని మళ్లీ వాడలేదు. షాఫ్టు బోల్టుల తల మీద వాటి బలం చెప్పే 8.8 అనో 10.9 అనో అంకె ఉంటుంది. అదే అంకె, అదే పొడవు, అదే మర ఉన్నవే కొనాలి. హార్డువేరు షాపులో కిలో లెక్కన తూచి ఇచ్చే బోల్టు కిటికీ ఊచకు పనికొస్తుంది గానీ షాఫ్టుకు పనికిరాదు.

చివరగా బ్రాకెట్టు బోల్టులు రెండు. వెల్లకిలా పడుకుని, మొహం మీద ఎండిన బురద పెళ్లలు రాలుతుంటే కళ్లు మూసుకుని తడుముకుంటూ విప్పాను. రెండో బోల్టు ఊడగానే షాఫ్టు నా ఛాతీ మీదికి వాలింది, దానితో పాటు దోసెడు మట్టి. బావగారు అవతలి చివర పట్టుకుని బయటికి లాగారు. నేను లేచి మొహం కడుక్కునేలోపు అక్క చీపురు తెచ్చి పెరడంతా ఊడ్చి మట్టిని కొబ్బరిచెట్టు మొదట్లో పోసేసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మీ బండిలో షాఫ్టు ముందు చివర గేర్‌బాక్సులోకి జారి కూర్చునే రకమైతే, లాగగానే ఆయిల్ కారుతుంది. వెనుక భాగం ఎత్తి ఉంటే తక్కువే కారుతుంది, అయినా కింద ఒక బేసిన్ పెట్టుకోండి.

రెండు ముక్కల మధ్యనున్న పెద్ద నట్టును ఉలితో కొట్టి విప్పడం మనవాళ్ల అలవాటు. దానివల్ల నట్టు అంచు నలుగుతుంది, మర దెబ్బతింటుంది. యోక్ రంధ్రాల్లో రెండు పాత బోల్టులు దోపి, వాటి మధ్య గడ్డపార అడ్డం పెట్టి నేలకు ఆనించాను. సాకెట్టు పిడికి నాలుగడుగుల గొట్టం తొడిగి బావగారు వాలారు. పెళ్లుమన్న చప్పుడుకు షాఫ్టు విరిగిందేమోనని ఆయన బెదిరిపోయారు. నట్టు వదిలిందంతే. తరువాత రెండు కొక్కేల పుల్లర్‌తో యోక్‌నూ, ఆ వెనుకే బేరింగునూ లాగాను.

పాత బేరింగు పోస్టుమార్టం నాకు ఇష్టమైన భాగం. పక్క రబ్బరు సీలును స్క్రూడ్రైవరుతో ఎత్తితే లోపల గ్రీజు ఉండాల్సిన చోట బెల్లం పాకం రంగులో చిక్కటి నీళ్లు. కడిగి, బయటి రింగును కోసి చూస్తే గోళీలు పరుగెత్తే గాడిలో సమాన దూరాల్లో తొమ్మిది తుప్పు మచ్చలు, ఒక్కొక్కటి మినపగింజంత. గోళీలు తొమ్మిది, మచ్చలు తొమ్మిది. అంటే ఈ బేరింగు తిరిగి తిరిగి అరిగిపోలేదు. లోపలికి నీళ్లు చేరిన తరువాత బండి చాలా రోజులు కదలకుండా నిలబడి ఉంది. గోళీ ఎక్కడ ఆగిందో అక్కడ తుప్పు పట్టింది, తరువాత నడిచినప్పుడు ఆ మచ్చలు రాలి గుంటలయ్యాయి. నిజమే, పోయిన వానాకాలం ఒకసారి మోకాలి లోతు నీళ్లలోంచి బండి తోలాను, ఆ వెంటనే ఆరు వారాలు వాకిట్లోనే వదిలేశాను. నేరం ఎవరిదో తేలిపోయింది.

షాఫ్టు మెడను గోటితో రాసి చూశాను, గాడి తగలలేదు. లోపలి రింగు జారి తిరిగి ఉంటే అక్కడ అద్దంలా మెరుపు ఉండేది, అప్పుడు కొత్త బేరింగు వేసినా నిలవదు. వెర్నియర్ పెడితే 30 మిల్లీమీటర్లు. పాత రింగు మీద 6206 అంకె ఇంకా చదవడానికి వస్తోంది. ఈ అంకెల్లో చివరి రెండింటిని ఐదుతో గుణిస్తే లోపలి వ్యాసం. సున్నా ఆరు ఐదులు ముప్పై. బయట 62, మందం 16. బేరింగు ఒక్కటే కొని పాత రబ్బరులో దూర్చవచ్చు, రబ్బరు బాగుంటే. చిరిగిన రబ్బరు చుట్టూ సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి బిగించే నేర్పు మన దగ్గర ఉంది. అది రెండు నెలలు మోస్తుంది, ఆ రెండు నెలలూ షాఫ్టు మధ్యలో ఉండదు. నేను మొత్తం సెట్టు తీసుకోవడానికే నిశ్చయించుకున్నాను.

ఈ బండి తయారుచేసిన కంపెనీ 2017 చివరితో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. విడిభాగాలు మాత్రం బయటి తయారీదార్లవి దొరుకుతూనే ఉన్నాయి, టాక్సీలుగా అన్ని బండ్లు తిరిగాయి మరి. పాత బ్రాకెట్టును గోనెసంచిలో వేసుకుని గాజువాక ఆటోనగర్ వెళ్లాను. మొదటి షాపాయన సంచి విప్పకముందే డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. బోల్టు రంధ్రాల దూరం సరిపోయింది, లోపలి వ్యాసం సరిపోయింది. బ్రాకెట్టు అడుగు నుంచి బేరింగు మధ్యకు ఎత్తు కొలిస్తే పాతదానికీ దీనికీ నాలుగు మిల్లీమీటర్ల తేడా. అది చెబితే ఆయన, "రెండు వాషర్లు వేసుకోండి సార్, సరిపోతుంది" అన్నాడు. నేను నవ్వి డబ్బా వెనక్కి తోశాను. షాఫ్టు ఎత్తును వాషర్లతో సర్దుకోమనే మనిషి దగ్గర ఏం కొంటాం అనుకున్నాను. మూడో షాపులో అన్ని కొలతలూ కలిసింది దొరికింది. రెండు వైపులా రబ్బరు సీలున్న బేరింగు, 1,750 రూపాయలు. రేకు మూత ఉన్న రకం కూడా చూపించారు. రేకు దుమ్మును ఆపుతుంది, నీళ్లను ఆపలేదు. నాకు జరిగింది చూశాక రబ్బరు సీలు తప్ప మరొకటి వద్దనుకున్నాను.

ఆదివారం బిగింపు. కర్మాగారంలో అయితే బేరింగును 110 డిగ్రీల దాకా వేడిచేసి జార్చేస్తాం. రబ్బరూ సీళ్లూ గ్రీజూ ఉన్న సెట్టుకు ఆ వైద్యం కుదరదు. మెడకు పలచగా నూనె రాసి, సరిగ్గా లోపలి రింగు మీదే కూర్చునే గొట్టం ముక్క ఒకటి పెట్టి సుత్తితో దింపాను. బయటి రింగు మీద గానీ బ్రాకెట్టు మీద గానీ ఒక్క దెబ్బ వేసినా ఆ బలం గోళీల గుండా వెళ్లి గాడిలో గుంటలు పెడుతుంది. కొత్త బేరింగు మొదటి రోజు నుంచే మూలుగుతుంది, నిందేమో తయారీదారు మీద పడుతుంది. దించేటప్పుడు చెవి అక్కడే ఉంచాలి. దిగుతున్నంతసేపూ దెబ్బ మెత్తగా టప్పు టప్పుమంటుంది. మెడ అంచుకు ఆనిన క్షణాన ఒక్కసారిగా ఖణేల్‌మని గట్టిపడుతుంది. ఆ తరువాత ఒక్క దెబ్బ కూడా అదనమే. మేనల్లుడికి కళ్లు మూసుకోమని చెప్పి, ఎప్పుడు ఆనిందో చెప్పమన్నాను. సరిగ్గా చెప్పాడు.

యోక్ పళ్లకు గ్రీజు, చుక్కకు చుక్క కలిపి ఎక్కించడం, కొత్త నట్టు. మూడు క్రాసుల్లోనూ నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా గన్‌తో కొట్టాను. ఆట లేదు, బిగుతూ లేదు. షాఫ్టు ఎక్కించి, బ్రాకెట్టు బోల్టులను ముందు వేళ్లతోనే పట్టించి వదిలాను. బండి చక్రాల మీదికి దిగి, ముందుకూ వెనక్కూ నాలుగడుగులు దొర్లాక రబ్బరు తనకు అనువైన చోట కూర్చుంటుంది, అప్పుడు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది.

అలా బిగిస్తున్నప్పుడు ఒక చిన్న విషయం చేతికి తెలిసింది, బుర్రకు తెలియలేదు. బోల్టు అనుకున్నదానికంటే ఐదారు చుట్లు ఎక్కువ తిరిగి లోపలికి వెళ్లింది. మర శుభ్రం చేశాను కదా, హాయిగా పోతోంది అనుకున్నాను.

సాయంత్రం కొత్తవలస రోడ్డు మీద 80 దాకా తోలాను. మూలుగు లేదు. టైర్ల చప్పుడూ గాలి చప్పుడూ విని ఎన్నాళ్లయిందో. గర్వంగా వెనక్కి తిరిగి, రైలు గేటు దగ్గర ఆగి, మొదటి గేరు వేసి కదిలాను. బండి మొత్తం గడగడలాడింది. పాత గుద్దు కాదిది. కదిలినప్పటి నుంచి 15, 20 వేగం దాకా, జ్వరమొచ్చిన మనిషికి వణుకు పుట్టినట్టు. ఆ పైన ఏమీ లేదు.

"క్లచ్ ప్లేటు అయ్యుంటుంది బావా" అన్నారు బావగారు. అనుమానం న్యాయమైనదే. కానీ నిన్నటిదాకా లేని క్లచ్ జబ్బు షాఫ్టు విప్పితే ఎలా వస్తుంది? గుర్తుల చుక్కలు మళ్లీ చూశాను, అన్నీ కలిశాయి. బోల్టులు బిగువుగా ఉన్నాయి. చీకటి పడింది. అక్క భోజనానికి పిలిచింది గానీ నాకు ముద్ద దిగలేదు.

దారి దొరికింది అనుకోకుండానే. రాత్రి అందరం సింహాచలం దాకా వెళ్లొద్దామని అక్క అంటే, పక్కింటివాళ్లతో కలిసి ఎనిమిదిమందిమి ఎక్కాము, వెనుక వరుసలో నలుగురు. బయలుదేరుతుంటే వణుకు దాదాపు లేదు. తిరిగొచ్చి అందరూ దిగాక ఒక్కణ్ణే తోలితే మళ్లీ వచ్చింది. బరువు పడితే తగ్గే వణుకు క్లచ్‌ది కాదు, వంపుది. వెనుక బరువు పడితే బండి కిందికి దిగుతుంది, దానితో షాఫ్టు వంపు తగ్గుతుంది. క్రాస్ జాయింటు వంపులో ఉండి టార్కు, అంటే తిప్పే బలం, మోస్తున్నప్పుడు, చుట్టుకు రెండుసార్లు పక్కకు తోసే బలం ఒకటి పుడుతుంది. మధ్య జాయింటు దగ్గర పుట్టిన ఆ బలాన్ని మోయాల్సింది సెంటర్ బేరింగు రబ్బరే. మొదటి గేరులో ఇంజను టార్కు మూడు నాలుగు రెట్లై షాఫ్టులోకి వస్తుంది కాబట్టి, వణుకు కదిలేటప్పుడే వస్తుంది. పది కిలోమీటర్ల వేగంలో షాఫ్టు సెకనుకు ఐదు చుట్లు పైచిలుకు, చుట్టుకు రెండు, అంటే సెకనుకు పది పదకొండు కుదుపులు. నా వీపుకు తెలిసిన వణుకు సరిగ్గా అంతే.

సరే, మరి ఈ వంపు నిన్నటిదాకా ఎందుకు బాధించలేదు? టార్చి పట్టుకుని వెనుక కమాను కట్టలు చూశాను. రెండు వైపులా ఒక పట్టీ మిగతావాటికంటే కొత్తగా, రంగు తేడాగా ఉంది. ఈ బండి మా చేతికి రాకముందు అరకు టూర్లకు తిరిగేది. తొమ్మిదిమందినీ, పైన సామాన్లనూ వేసుకుని అనంతగిరి ఘాట్ ఎక్కడానికి ఎవరో అదనపు పట్టీ వేయించారు. వెనుక భాగం పైకి లేచింది, వెనుక షాఫ్టు ఏటవాలు పెరిగింది, ఖాళీ బండి వణికి ఉంటుంది. అప్పుడు ఎవరో తెలివైన మెకానిక్ సెంటర్ బ్రాకెట్టును కిందికి దించి సర్ది ఉండాలి. దేనితో దించాడు? వాషర్లతో.

బోల్టు ఐదారు చుట్లు ఎక్కువ తిరగడం అప్పుడు గుర్తొచ్చింది. అక్క చీపురూ గుర్తొచ్చింది.

సోమవారం సెలవు పెట్టాను. మేనల్లుడు పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి కొబ్బరిచెట్టు మొదట్లో మట్టి మీద ఈడ్చాడు. మూడు మేకులు, ఒక సీసా మూత, ఆ తరువాత తుప్పుతో అతుక్కుపోయి ఒకే బిళ్లలా ఉన్న వాషర్ల జంట. రెండో జంట కోసం ఇంకో పావుగంట. "మావయ్యా, ఇవేనా?" అని అరచేతిలో పెట్టాడు. మందం కొలిస్తే ఒక్కో జంట ఎనిమిది మిల్లీమీటర్లు.

ఎనిమిది మిల్లీమీటర్లు ఏపాటి అనిపిస్తుంది. టేపు పట్టి చూస్తే మా బండిలో ముందు ముక్క సుమారు 60 సెంటీమీటర్లు, వెనుకది మీటరు. మధ్యను ఎనిమిది మిల్లీమీటర్లు దించితే ముందు ముక్క ఏటవాలు ముప్పావు డిగ్రీ పెరుగుతుంది, వెనుక ముక్కది దాదాపు అర డిగ్రీ తగ్గుతుంది. మధ్య జాయింటు దగ్గర రెండూ కలిసి 1.2 డిగ్రీల తేడా. ఫోను అంచును షాఫ్టు గొట్టాల మీద ఆనించి వాలు కొలిచే యాప్‌తో చూశాను. వాషర్లు లేకుండా మధ్య జాయింటు వంపు 6.1 డిగ్రీలు, జాకీతో బ్రాకెట్టును ఎనిమిది మిల్లీమీటర్లు దించి పట్టుకుంటే 4.9.

ఆ తుప్పు వాషర్లు మళ్లీ వేయలేదు. కంచరపాలెంలో ఒక లేత్ వర్క్స్‌లో రెండు చదునైన ఇనుప దిమ్మలు ఎనిమిది మిల్లీమీటర్ల మందంతో కోయించి, రంధ్రాలు వేయించాను. బోల్టు మధ్యలో దిమ్మ వస్తే నట్టులోకి వెళ్లే మర తగ్గుతుంది. బోల్టు లావుకు సమానమైన పొడవైనా మరలో ఉండాలి. పాతవి పొడవైన బోల్టులే, అందుకే ఎక్కువ చుట్లు తిరిగాయి, కాబట్టి అదే పొడవులో కొత్తవి సరిపోయాయి. దిమ్మలకు రెండు పూతలు రంగు వేసి, బోల్టు మెడకు గ్రీజు రాసి, మళ్లీ దొర్లించి, బిగించాను. ఒక్కణ్ణే తోలాను. గేటు దగ్గర ఆగాను, కదిలాను. వణుకు లేదు.

సరైన మందు అదనపు పట్టీ తీయించడమే. ఇప్పుడు తొమ్మిదిమందిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కే అవసరం మాకు లేదు. పట్టీ తీసిన రోజు ఈ దిమ్మలు కూడా తీయాలి, లేకపోతే వంపు రెండోవైపు చెడుతుంది. దిమ్మల మీద తెల్ల రంగుతో "పట్టీతో పాటు తీయాలి" అని రాసి పెట్టాను, నా తరువాత ఎవరు పడుకున్నా కళ్లెదురుగా కనిపించేలా.

మొత్తం ఖర్చు బేరింగు సెట్టు, బోల్టులు, నట్టు, లేత్ పని, గ్రీజు కలిపి 3,100 రూపాయలు, ఒక సెలవు. తరువాత ఆటోనగర్ వెళ్లినప్పుడు మొదటి షాపాయన దగ్గర ఆగి గ్రీజు డబ్బా కొన్నాను. వాషర్ల సంగతి ఎత్తలేదు. మూడు వేల కిలోమీటర్ల తరువాత బండి కిందికి దూరి అన్ని బోల్టులకూ పానా వేసి చూశాను. హౌసింగ్ వైపు ఒకటి మాత్రం పావు చుట్టు బిగిసింది, మిగతావి కదల్లేదు.